ఇంటింటా విశ్వాసం

మా రేవులపాడు పురపాలక సంఘానికి కుక్కల మీద ప్రేమ లోపల్నుంచి పుట్టలేదు. పైనుంచి వచ్చింది.

పట్టణాలకు ఏటా మార్కులు వేసే పట్టికలో ఆ సంవత్సరం కొత్తగా ఒక గడి చేరింది. "వీధి శునకాల రక్షణ, దత్తత" అని దాని పేరు. మురుగుకాలవల గడిలో మాకు ఏనాడూ మార్కులు పడలేదు కాబట్టి అటువైపు చూడడం ఎప్పుడో మానేశాం. మంచినీళ్ల గడి సంగతి నలుగురిలో ఎత్తితే పరువు పోతుంది. కుక్కల గడి ఒక్కటే ఎవరి చెయ్యీ పడకుండా శుభ్రంగా ఉంది. మా కమిషనర్ విశ్వపతిగారు దాని మీద వేలుపెట్టి, "కాలవలు తవ్వాలంటే నిధులు కావాలి. కుక్కల్ని ప్రేమించడానికి మనసుంటే చాలు" అన్నారు. సమావేశంలో ఉన్నవాళ్లందరికీ అప్పటికప్పుడే మనసు వచ్చింది.

నేను ఆ కార్యాలయంలో జనరల్ సెక్షన్ గుమాస్తాని. ఉత్తర్వులన్నీ నేనే టైపు చేస్తాను. అందుచేత ఈ పథకం పురిట్లో ఉన్నప్పట్నుంచీ నాకు తెలుసు.

పథకానికి "ఇంటింటా విశ్వాసం" అని పేరు పెట్టారు. కుక్క విశ్వాసానికి మారుపేరు గనుక ఇంటికొక కుక్క చేరితే ఊళ్లో విశ్వాసం పెరుగుతుందనీ, విశ్వాసం పెరిగితే ఇంటిపన్నుల వసూలు కూడా మెరుగుపడే అవకాశం ఉందనీ ఉత్తర్వు మొదటి పేరాలోనే రాశారు. ప్రత్యేకాధికారిగా పరాంకుశంగారిని వేశారు. ఆయన అంతకుముందు జనన మరణాల విభాగంలో ఉండేవారు. పుట్టినవాళ్లతోనూ పోయినవాళ్లతోనూ తప్ప మధ్యలో ఉన్నవాళ్లతో ఆయనకు పెద్దగా పరిచయం లేదు. కానీ పని అప్పగిస్తే వదిలే మనిషి కాదు. పిల్లల్ని దత్తత తీసుకునే నిబంధనల పుస్తకం ఎక్కడో సంపాదించి, "శిశువు" అన్నచోటల్లా "శునకం" అని మార్చి, మార్గదర్శకాలు సిద్ధం చేసేశారు. దత్తత తీసుకున్న శునకాన్ని సకాలంలో బడిలో చేర్పించవలెనన్న వాక్యం చూపించి, ఇది తీసెయ్యమంటారా అని అడిగాను.

"ఉండనీవయ్యా. చదువు ఎవరికీ చేటు కాదు" అన్నారు.

దత్తత ఇవ్వాలంటే ముందు కుక్కల్ని రక్షించాలి. రక్షించాలంటే అవి ఆపదలో ఉండాలి. మా ఊరి కుక్కలు అప్పటివరకూ తాము ఆపదలో ఉన్నామని ఎరగవు. టీకొట్ల ముందు పడుకునేవి, మాంసం దుకాణాల దగ్గర ఆశగా కూర్చునేవి, పెళ్లిళ్ల రోజుల్లో కాస్త ఒళ్లు చేసేవి. ఈ చిక్కును కూడా పరాంకుశంగారే విప్పారు. "యజమాని కనుచూపుమేరలో లేని ప్రతి శునకమూ ఆపదలో ఉన్నట్టు భావించవలెను" అని ఒక ఉపనిబంధన చేర్చారు. మర్నాటి నుంచి ఇనప జాలీ బిగించిన వ్యాను ఒకటి ఊళ్లో తిరగడం మొదలుపెట్టింది.

మా ఆఫీసు ప్రహరీగోడ పక్కన నూకరత్నం ఇస్త్రీబండి ఉంటుంది. భర్త పోయాక బండి తనే నడుపుకుంటోంది. బంట్రోతు నుంచి కమిషనర్ దాకా మా అందరి చొక్కాల మడతలూ ఆమె చేతి చలవే. ఒక వానాకాలం ఆమె బొగ్గుల బస్తా విప్పితే లోపల తడిసి ముద్దయిన నల్లటి కుక్కపిల్ల ఉందట. ఏది బొగ్గో ఏది కుక్కో తెలియక చేత్తో తడుముతుంటే ఒక బొగ్గు ఆమె వేలు నాకిందట. అందుకని దాని పేరు బొగ్గు. పగలంతా బండి కింద నీడలో పడుకునేది. ఆమె టీ తాగి, గ్లాసు అడుగున కాస్త మిగిల్చి, అందులో బన్నుముక్క ముంచి దాని నోటికి అందించేది. ఆమె ఇంట్లో ఆమెకు మాట్లాడుకునేందుకు ఉన్న ప్రాణి అదొక్కటే. అది కరిచిందని ఊళ్లో ఎవరూ అనగా వినలేదు.

ఒకరోజు నూకరత్నం చొక్కాలు ఇవ్వడానికి కమిషనర్‌గారి బంగళాకి వెళ్లింది. ఆమె ఆయన గుమ్మంలో నిలబడి ఉన్న సమయానికి, ఇక్కడ ఆయన వ్యాను వచ్చి బండి కింద నిద్రపోతున్న బొగ్గును ఆపద నుంచి రక్షించి తీసుకుపోయింది.

మార్కెట్ వెనకాల పాడుబడ్డ గోడౌనుకు సున్నం కొట్టించి "విశ్వాస కేంద్రం" అని బోర్డు పెట్టాం. తోడు రమ్మని నూకరత్నం బతిమాలితే నేనూ వెళ్లాను. పరాంకుశంగారు గుమ్మంలోనే బల్ల వేసుకుని కూర్చున్నారు.

"అయ్యగారండి, మా బొగ్గుగాణ్ణి అట్టుకొచ్చేశారండి. ఆడేం చేశాడండి?" అంది నూకరత్నం.

"పట్టుకురాలేదమ్మా. రక్షించాం."

"ఎవర్నుంచండి?"

పరాంకుశంగారు కళ్లజోడు సవరించుకున్నారు. "అది విచారణలో తేలాలి. నీ నుంచే అయినా కావచ్చు."

ఈలోగా లోపల ఇనప జాలీ వెనక నుంచి బొగ్గు ఆమె గొంతు విని, జాలీ మీదకి ఎగిరి, మూతి సందులో దూర్చి సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. నూకరత్నం పరుగెత్తి వేళ్లు లోపలికి పెట్టింది. అది ఆ వేళ్లన్నీ నాకింది.

"చూశారాండి, నా కుక్కేనండి. తోకెలా ఆడిస్తన్నాడో చూడండి."

"తోక ఆధారం కాదమ్మా. కుక్క అన్నాక అందరికీ ఆడిస్తుంది."

"తమరికి ఆడించలేదు గదండి."

పరాంకుశంగారు ఒకసారి బొగ్గు వైపు చూశారు. నిజంగానే ఆడించలేదు. ఆయన మనసు కొంచెం కష్టపెట్టుకుని, "లైసెన్సు ఉందా?" అని అడిగారు. మా ఊళ్లో కుక్కలకు లైసెన్సులిచ్చే పద్ధతి లేదు. లేని లైసెన్సు ఆమె దగ్గర లేకపోవడాన్ని ఆయన తీవ్రమైన లోపంగా రాసుకున్నారు.

"ఇప్పుడు జాగ్రత్తగా విని చెప్పు. ఇది నీ కుక్కే అంటే, దాన్ని దిక్కులేకుండా వీధిలో వదిలేసిన నేరం నీ మీద పడుతుంది. నీ కుక్క కాదంటే, దీనితో నీకేమీ సంబంధం లేదు. ఏదంటావు?"

నూకరత్నం చీరకొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆడు నా కుక్క కాదులెండి. నేను ఆడి మనిషినండి. అలా రాసుకోండి."

అలా రాసుకోవడానికి గడి లేదు. చివరికి ఆయన దయతలచి, "నీకు ఆదిత్య మీద అంత మమకారం ఉంటే అందరిలాగే దత్తతకి దరఖాస్తు పెట్టుకో" అన్నారు.

"ఆదిత్య ఎవరండి?"

"ఇదే. రక్షించిన ప్రతి శునకానికీ గౌరవప్రదమైన పేరు పెడుతున్నాం. బొగ్గు, నల్లోడు, కుంటిది లాంటి పేర్లు శునకాల ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తాయి."

"ఆత్మగౌరవం అంటే ఏంటండి బాబుగారండి?" అని ఆమె దారిలో నన్ను అడిగింది. నేను మునిసిపాలిటీలో చేరి చాలాకాలమైంది. వెంటనే చెప్పలేకపోయాను.

దరఖాస్తు పెట్టాక అనుకూలతా పరీక్ష జరిగింది. పరాంకుశంగారూ, దత్తత కమిటీ సభ్యులిద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. దరఖాస్తుదారు గోడౌను ఆ చివర నిలబడి శునకాన్ని దాని అధికారిక నామంతో పిలవాలి. శునకం ఆ పిలుపు విని సంతోషంగా రావాలి. తలుపు తీశారో లేదో బొగ్గు ఒక్క ఉరుకులో వెళ్లి నూకరత్నం మీద పడింది. ఆమె కూలబడి దాన్ని కౌగిలించుకుంది.

"నిలపండి! పిలవకముందే వచ్చింది. ఇది చెల్లదు" అన్నారు పరాంకుశంగారు.

బొగ్గును లాక్కెళ్లి మళ్లీ మొదట్లో నిలబెట్టి, ఈసారి మెడతాడు పట్టుకున్నారు. నూకరత్నం గొంతు సవరించుకుంది.

"ఆయిత్యా!"

బొగ్గు వెనక్కి తిరిగి, ఎవరైనా వచ్చారేమోనని గుమ్మం వైపు చూసింది.

"ఆయిత్యా! ఓ ఆయిత్యా! రారా నాన్నా!"

బొగ్గు కూడా ఆమెతో కలిసి ఆ ఆయిత్య కోసం నలుదిక్కులా వెతికింది కానీ అడుగు కదపలేదు. సభ్యులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "ఒకసారి పిలవకుండా వచ్చింది. ఒకసారి పిలిచినా రాలేదు. ఇరుపక్షాల మధ్య అవగాహన కొరవడింది" అని రాశారు.

గృహపరిశీలన మిగిలింది. కమిటీ జీపులో నూకరత్నం ఇంటికి వెళ్లింది. వెళ్లింది అనడమే గాని, లోపలికి ఒకళ్లు వెళితే రెండోవాళ్లకి చోటు చాలక మిగతావాళ్లు వీధిలోంచే పరిశీలించారు.

"శునకానికి ప్రత్యేక గది ఎక్కడ?"

"ఇల్లంతా ఇదేనండి. ఆడు నా కాళ్లకాడ పడుకుంటాడండి."

"ఆ మూల సత్తుగిన్నె ఏమిటి?"

"బొగ్గుగాడిదండి. అందులోనే తింటాడండి."

"అంటే ఇంతకుముందు ఈ ఇంట్లో ఒక కుక్క ఉండేదన్నమాట. ఆ కుక్క ఏమైంది?"

"మీరే అట్టుకుపోయారు గదండి!"

"'గతంలో పెంచిన శునకాన్ని పోగొట్టుకున్నది' అని రాయండి" అన్నారు పరాంకుశంగారు, పక్కనున్న సభ్యుడితో.

తిరస్కరణ ఉత్తర్వు నేనే టైపు చేశాను. నూకరత్నం దాన్ని నా చేతికే ఇచ్చి చదివి చెప్పమంది. ప్రత్యేక గది లేకపోవుట, ప్రహరీగోడ లేకపోవుట, అవగాహన లేకపోవుట, గత నిర్లక్ష్యం అని చదివాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"గది లేపోతే ఆడికి కష్టమేనంటారా?"

"అలాగని రాశారు."

"మరి నాకూ లేదు గదండి. నాకు గదిచ్చే పథకం ఏదన్నా ఉందాండి?"

ఉంది. అది వేరే సెక్షను. దాని జాబితా ఎప్పుడో మూసేశారు. ఆ మాటే చెప్పాను. ఆమె కాగితం మడిచి, చొక్కా మడతపెట్టినంత పొందిగ్గా మడిచి, బొడ్లో దోపుకుని విశ్వాస కేంద్రం వైపు వెళ్లిపోయింది. ఆ తర్వాత బండి తెరవలేదు. పొద్దున్నే వెళ్లి జాలీ బయట కూలబడి, చీకటిపడేదాకా లోపలున్న బొగ్గుతో కబుర్లు చెబుతూ ఉండేది. మా ఆఫీసంతా నలిగిపోయిన చొక్కాలతో తిరిగాం. పెద్దాఫీసర్లతో జరిగిన ఒక సమావేశానికి కమిషనర్‌గారు ముడతల చొక్కాతో వెళ్లి, "క్షేత్రస్థాయిలో నిద్రలేకుండా పనిచేస్తున్నారు" అన్న ప్రశంస పొంది వచ్చారు.

దత్తత మహోత్సవం హైస్కూలు మైదానంలో జరిగింది. షామియానా వేశారు. బ్యాండుమేళం పెట్టారు. కుక్కల మెడలో బంతిపూల దండలు వేశారు. సగం కుక్కలు మేళానికి భయపడి బల్లల కింద దూరాయి, మిగతా సగం దండలు తినేశాయి. దత్తత తీసుకునేవాళ్లందరూ ప్రత్యేక గదీ ప్రహరీగోడా ఉన్న పెద్దమనుషులు. వాళ్ల ఇళ్లకు గృహపరిశీలన చేశారా అని ఎవరూ అడగలేదు. గోడలు రోడ్డు మీదికే కనిపిస్తాయి.

వైస్ చైర్మన్ సర్వారాయుడుగారు రైసుమిల్లు యజమాని. ఎప్పుడూ మల్లెపువ్వులాంటి తెల్లబట్టలు కడతారు. తెల్లబట్టల పక్కన నల్లకుక్క అయితే ఫోటో బాగా వస్తుందని ఫోటోగ్రాఫరు అన్నాడు. అలా బొగ్గు ఆయన వంతుకు వచ్చింది. "ఈ శునకాన్ని నా కన్నబిడ్డతో సమానంగా చూసుకుంటానని ప్రమాణం చేస్తున్నాను" అని అందరి చేతా చెప్పించారు. సర్వారాయుడుగారు మొదటి వరసలో కూర్చుని ఫోనులో ఆటాడుకుంటున్న తన సుపుత్రుణ్ణి ఒకసారి చూసి, "కన్నబిడ్డకన్నా బాగా" అని దిద్దుకున్నారు. చప్పట్లు మారుమోగాయి.

తాడు అవతల జనంలో నూకరత్నం నిలబడి ఉంది. బొగ్గు ఆమెను వాసన పట్టినట్టుంది, కారు ఎక్కనంటూ నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టింది. ఎత్తి వెనకసీట్లో పడేశారు. కారు కదిలాక వెనక అద్దంలోంచి నల్లటి మూతి ఒకటి మలుపు తిరిగేదాకా కనిపించింది. నూకరత్నం ఏడవలేదు. "ఆ మేడలో ఆడికి టీ బన్ను ఎవరెడతారండి?" అని మాత్రం అడిగింది.

ఎవరూ పెట్టలేదు. మాంసం పెట్టారు, బిస్కట్లు పెట్టారు, బొగ్గు ముట్టుకోలేదు. మిల్లు గోదాములో కట్టేస్తే గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. అన్నాళ్లూ మొరగడం కూడా పెద్దగా ఎరగని కుక్కకు అంత గొంతు ఉందని అప్పుడే తెలిసింది. సర్వారాయుడుగారి భార్య, "ఇంట్లో ఎవరో పోయినట్టు ఆ ఏడుపేంటండీ? దాన్నైనా పంపించండి, నన్నైనా మా పుట్టింటికి పంపించండి" అన్నారు. ఆయన కొంతసేపు ఆలోచించి కుక్కనే పంపించడానికి నిశ్చయించారు. నూకరత్నాన్ని కబురంపి పిలిపించారు.

"ఇదిగో నూకరత్నం, దీన్ని పట్టుకుపో. కానీ ఒక్క మాట. కాగితం మీద ఇది నా కొడుకు. పెంపకం నీది, పేరు నాది. ఎవరైనా అడిగితే వైస్ చైర్మన్‌గారి కుక్క, గాలి మార్పు కోసం వచ్చిందని చెప్పు."

"పేరు తమరే ఉంచుకోండయ్యగారండి. నాకు కుక్క చాలండి" అంది నూకరత్నం.

మర్నాడు ఇస్త్రీబండి తెరుచుకుంది. బండి కింద బొగ్గు పక్కటెముకలు కనిపించేలా చిక్కిపోయి, టీలో ముంచిన బన్ను తింటూ కనిపించింది. నా చొక్కా మడతలు కూడా మళ్లీ మామూలుగా వచ్చాయి.

తక్కిన దత్తపుత్రులు కూడా నెలతిరక్కుండానే తలో దారీ పట్టారు. చైర్‌పర్సన్‌గారి కుక్కను రొయ్యల చెరువుల కాపలాకి పంపారు. కాంట్రాక్టరుగారి కుక్క ఆయన కట్టించిన గోడనే తోసుకుని పారిపోయింది. చాలా కుక్కలు కాలవ దాటి పక్క మునిసిపాలిటీలోకి వెళ్లాయి. అక్కడా ఇదే పథకం నడుస్తోంది కనుక వాళ్లు వాటిని మళ్లీ రక్షించి, మళ్లీ దండలు వేసి, మళ్లీ దత్తతకిచ్చారు. మా రికార్డుల్లో మాత్రం అన్ని కుక్కలూ ఆయా ఇళ్లలో సుఖంగా ఉన్నాయి. మాకు పట్టికలో మంచి మార్కులు పడ్డాయి. మార్కులు పడడంతో ఆపద వచ్చింది. ఫలితాలను స్వయంగా చూడడానికి రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తున్నట్టు కబురు అందింది. కనీసం ఒక్క కుక్కనైనా దాని కొత్త ఇంట్లో చూడాలని వాళ్ల కోరిక.

పరాంకుశంగారు జీపు వేసుకుని ఊరంతా తిరిగారు. ఏ ఇంటికి వెళ్లినా, "ఇప్పుడే బయటికెళ్లిందండీ" అన్నారు, ఉద్యోగానికి వెళ్లిన మనిషి గురించి చెప్పినట్టు. సర్వారాయుడుగారు మాత్రం మొహమాటపడి నిజం చెప్పేశారు. పరాంకుశంగారు పరుగున మా ఆఫీసు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఇంకో హడావుడి నడుస్తోంది.

బృందం వస్తోందంటే ఊరు అందంగా కనిపించాలి గదా. అందుకని ఆక్రమణల తొలగింపు వాళ్లు లారీ వేసుకుని ప్రహరీగోడ పక్కకి వచ్చారు. పూలమ్మే సీతాలు బుట్టా బల్లా అప్పటికే లారీ ఎక్కాయి. చెప్పులు కుట్టే యేసుపాదం పెట్టె కూడా ఎక్కింది. ఆయన దాని వెనకాలే తనూ ఎక్కబోతే దింపేశారు. ఇప్పుడు ఇస్త్రీబండికి తాళ్లు కడుతున్నారు. నూకరత్నం బండి చక్రానికి అడ్డంగా కూర్చుంది.

"లెగమ్మా, ఇది మునిసిపాలిటీ జాగా" అంటున్నాడు సూపర్‌వైజరు.

"మా ఆయన ఉన్నప్పట్నుంచి ఇక్కడే ఉన్నామండి. మీ చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారో చూసుకుని మాటాడండి."

సూపర్‌వైజరు చొక్కా చూసుకుని సిగ్గుపడ్డాడు గాని తాడు వదల్లేదు. అంతలో పరాంకుశంగారు జీపులోంచి దూకుతూ అరిచారు.

"ఆపండి! బండి కింద ఆదిత్య ఉన్నాడు!"

లారీవాళ్లు ఎవరో మనిషి చక్రాల కింద పడ్డాడనుకుని హడలిపోయారు. వంగి చూస్తే కుక్క. పరాంకుశంగారు రొప్పుతూ విషయం విప్పి చెప్పారు. ఊరంతటికీ మిగిలిన దత్తపుత్రుడు ఇతనొక్కడే. బండి తీసేస్తే అతను నిరాశ్రయుడవుతాడు. పథకం నిరాశ్రయమవుతుంది. బండి ఉంచితే ఆక్రమణ. కమిషనర్‌గారు మేడ దిగి వచ్చారు. అధికారులందరూ ఫుట్‌పాత్ మీదే గుమిగూడి సమావేశం జరిపారు.

"కుక్కకు నివాసహక్కు ఉంది. దత్తత ఉత్తర్వు ఉంది గనుక అది ఆక్రమణదారు కాదు. ఇది వైస్ చైర్మన్‌గారి గృహానికి అనుబంధ నివాసం అని ప్రకటిద్దాం. నివాసమన్నాక పైకప్పు ఉండాలి, నీళ్లుండాలి. రేకుల షెడ్డు వేయించండి. పంపు పెట్టించండి. 'ఆదిత్య నివాసం' అని బోర్డు రాయించండి" అన్నారు కమిషనర్‌గారు.

నూకరత్నం లేచి నిలబడింది. ఆ పంపు కోసం ప్రహరీ పక్కవాళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నారు.

"మరి నా సంగతేంటండి?"

"నువ్వు ఆక్రమణదారువమ్మా. నువ్వు వెళ్లిపోవాలి."

"అలాగేనండి" అని ఆమె రెండు అడుగులు వేసింది. బొగ్గు బండి కిందనుంచి లేచి, ఒళ్లు దులుపుకుని ఆమె వెనకాలే బయల్దేరింది. కమిషనర్‌గారు గబగబా వెళ్లి అడ్డం నిలబడ్డారు.

"ఆగమ్మా, ఆగు! పరాంకుశంగారూ, ఈవిణ్ణి ఏ పద్దు కింద ఉంచగలమో చూడండి."

ఉద్యోగిగా పెట్టుకుందామంటే పోస్టు మంజూరు లేదు. యజమానురాలందామంటే సర్వారాయుడుగారు ఉన్నారు. సంరక్షకురాలందామంటే ఆమె అనర్హురాలని మేమే ఉత్తర్వు ఇచ్చాం. పరాంకుశంగారు మార్గదర్శకాలు మొదట్నుంచి చివరిదాకా తిరగేసి, చివరికి ఒకచోట వేలుపెట్టి ఆగారు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

"దొరికింది సార్. 'కొత్త పరిసరాలలో శునకం బెంగపెట్టుకోకుండా దానికి అలవాటైన పాత వస్తువు, అనగా దుప్పటి, గోనెసంచి వగైరాలలో ఒకటి దాని చెంత ఉంచవచ్చును.' వగైరా అన్నారు కదా సార్. ఈవిడ వగైరాలో వస్తుంది."

అందరూ తేలికగా ఊపిరి పీల్చుకున్నారు. నూకరత్నాన్ని ఆదిత్యకు అలవాటైన పాత వస్తువుగా నమోదు చేశాం. ఆ ఉత్తర్వు కూడా నేనే టైపు చేశాను. తప్పుల్లేకుండా చూసుకుని, సంతకానికి పెట్టాను.

బృందం వచ్చింది. నాయకురాలు నల్లకళ్లద్దాలు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. షెడ్డు చూశారు, పంపు చూశారు, బోర్డుతో ఫోటో దిగారు. రేకుల నీడలో బొగ్గు వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన నూకరత్నం నెమ్మదిగా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఈవిడ ఎవరు?" అని అడిగారు నాయకురాలు.

కమిషనర్‌గారు తడుముకోలేదు. "ఆదిత్యకు అలవాటైన వస్తువు మేడమ్. నిబంధనల ప్రకారం ఉంచాం."

నాయకురాలు తలాడించి రాసుకున్నారు. అప్పుడు నూకరత్నం ఇస్త్రీపెట్టె దించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒక్క మాట అడగొచ్చాండి అమ్మగారండి? నేను వస్తువునే గానండి, ఎండకి దాహమేస్తదండి. ఈ పంపులో నీళ్లు నేను కూడా తాగొచ్చాండి?"

నాయకురాలు కళ్లద్దాలు తీసి మొదటిసారి ఆమె మొహం కేసి చూశారు. తర్వాత కమిషనర్‌గారిని చూశారు. కమిషనర్‌గారు పరాంకుశంగారిని చూశారు. పరాంకుశంగారు మార్గదర్శకాలు తిరగేసి, "నిషేధం ఏమీ కనపడలేదు సార్" అన్నారు.

ఆమె దోసిలి పట్టి తాగింది. చల్లటి నీళ్లు మొహాన కొట్టుకుంది. బొగ్గు లేచి వచ్చి ఆమె మోచేతి నుంచి కారుతున్న నీళ్లు నాకింది. ఆ దృశ్యం చాలా హృద్యంగా ఉందని బృందం నివేదికలో రాసింది. శునకాల గడిలో మాకు నిండా మార్కులు పడ్డాయి. కమిషనర్‌గారికి పతకం వచ్చింది. మిగతా పట్టణాలకు ప్రేమించడం నేర్పేందుకు ఆయన్ను రాజధానికి పిలిపించుకున్నారు. కొత్తగా వచ్చిన కమిషనర్‌గారికి కుక్కల మీద ఆసక్తి లేదు. కానీ పతకం తెచ్చిన షెడ్డు జోలికి వెళ్లే ధైర్యమూ లేదు.

మొన్న నేను ఆఫీసులోకి వెళుతుంటే గేటు దగ్గర సీతాలూ యేసుపాదమూ అడ్డం వచ్చారు. జరిమానా కట్టి విడిపించుకున్న బుట్ట ఆమె నెత్తిన పెట్టుకుని, పెట్టె ఆయన భుజాన తగిలించుకుని, లారీ కంటపడకుండా వీధులు తిరిగి అమ్ముకుంటున్నారు. ఇద్దరి మొహాలూ ఎండకు కమిలిపోయి ఉన్నాయి.

"బాబుగారండి, మాకు కూడా ఓ కుక్కని ఇప్పించండి" అంది సీతాలు.

"పెంచుకోవడానికా?" అన్నాను.

"కాదండి. మమ్మల్ని ఉంచుకోడానికండి" అన్నాడు యేసుపాదం. "ఏ రంగైనా పర్లేదండి. కుంటిదైనా సరేనండి. దానికి మేం అలవాటైపోతామండి."

నేను లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చాను. ఊళ్లో బొగ్గు తప్ప ఇంకొక్క కుక్క కూడా మిగల్లేదని చెప్పాను.